ఇంట్లో ఏ పిట్ట బొమ్మ పెట్టుకోవాలి: ఏడుగురు చిత్రకారులు, ఒక శ్రీకాళహస్తి గుడ్డ

చలికాలంలో నేలపట్టు పక్షుల కేంద్రానికో పులికాట్ సరస్సుకో పోయొచ్చిన వాళ్ళకు ఇంటికి చేరాక ఒక కోరిక పుడుతుంది. ఫోన్‌లో తీసిన ఫొటోల్లో గూడబాతు చుక్కంత ఉంటుంది, ఫ్లెమింగోలు నీళ్ళ అవతల గులాబీ గీతలా కనిపిస్తాయి. అవి గోడకు పనికిరావు. గీసిన బొమ్మ ఒకటి తెచ్చుకుందామని వెతికితే, నాలుగు వందల ఏళ్ళ నాటి మొఘల్ చిత్రం మొదలుకొని మొన్నమొన్నటి పోస్టర్ దాకా వచ్చి పడతాయి. అన్నీ బాగున్నట్టే ఉంటాయి. ఏది తీసుకోవాలో తెలీక చివరికి ఏ జలపాతం క్యాలెండరో తగిలించుకునే వాళ్ళే ఎక్కువ.

పిట్టల్ని గుర్తుపట్టే పిచ్చి ఉన్నవాళ్ళకు కావాల్సింది వేరు, గోడ నిండుగా ఉంటే చాలనుకునే వాళ్ళకు వేరు, బొమ్మలు నేర్చుకునే పిల్లలున్న ఇంటికి వేరు. ఒకే చిత్రకారుడు అందరికీ కుదరడు. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను: షేక్ జైనుద్దీన్. ఎందుకో కింద వస్తుంది. మీ ఇంటికి ఇంకొకరు నప్పవచ్చు.

ముందు చూడాల్సినవి

అన్నిటికంటే ముందు, గీసినవాడు పక్షిని బతికుండగా చూశాడా లేదా అన్నది. దీనికి చరిత్ర తిరగెయ్యక్కర్లేదు, బొమ్మలో కాళ్ళు చూడండి. ప్రాణమున్న పిట్ట కొమ్మను పట్టుకుంటే వేళ్ళు కొమ్మ చుట్టూ వంగి బిగుస్తాయి, బరువు ఎటుంటే అటు కాలు ఒరుగుతుంది. దూది కుక్కిన తోలును ముందు పెట్టుకుని గీస్తే వేళ్ళు కొమ్మ మీద ఊరికే ఆనినట్టుంటాయి. ఆ తర్వాత కన్ను. నల్ల చుక్క పెట్టి వదిలేశారా, దాని చుట్టూ రంగు వలయం, రెప్ప అంచు, చిన్న తెల్లటి మెరుపు ఉన్నాయా? ఈ రెండూ చూస్తే సగం బొమ్మలు అక్కడే పక్కకు పోతాయి.

రెండోది సైజు. కంప్యూటర్ తెర మీద అన్నీ ఒకే కొలతలో కనిపిస్తాయి కాబట్టి ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. నిలువెత్తు కాగితానికని గీసిన బొమ్మను ఏ4కు కుదిస్తే ఊపు పోతుంది. అరచేతిలో పట్టేలా గీసినదాన్ని గోడంత చేస్తే అలికినట్టవుతుంది.

మూడోది హక్కులు. మన దేశంలో చిత్రకారుడు పోయాక 60 ఏళ్ళ వరకు హక్కులు వారసులవి. అది దాటిన పాత బొమ్మల్ని మ్యూజియాలు పెద్ద ఫైళ్ళుగా ఉచితంగా పెడుతున్నాయి, దించుకుని ప్రింటు వేయించుకోవచ్చు. దాటనివాటిని కొనుక్కోవాల్సిందే.

ఇక ఇంట్లో వాళ్ళ ఒప్పుదల. ఇది నవ్వుకోవడానికి చెప్పడం లేదు. కాకినో గుడ్లగూబనో ఎంత గొప్పవాడు గీసినా, హాల్లో పెడతానంటే పెద్దవాళ్ళు ఒప్పుకునే ఇళ్ళు మనవైపు తక్కువ.

| చిత్రకారుడు | ఎప్పుడు, ఎక్కడ | పిట్టను పోల్చుకోగలమా | నప్పే సైజు | ప్రింటు |
|---|---|---|---|---|
| ఉస్తాద్ మన్సూర్ | 17వ శతాబ్దం, జహంగీర్ కొలువు | చక్కగా | చిన్నది, ఏ4 | ఉచితం |
| షేక్ జైనుద్దీన్ | 1777–1782, కలకత్తా | చక్కగా, చెట్టుతో సహా | ఏ3, ఏ2 | ఉచితం |
| ఆడుబాన్ | 1827–1838, అమెరికా పక్షులు, లండన్ అచ్చు | చక్కగా | ఏ2కు తక్కువైతే వద్దు | ఉచితం |
| ఎడ్వర్డ్ లియర్ | 1830–1832, లండన్ | చిలకలైతే ఈయన తర్వాతే ఎవరైనా | ఏ3 | ఉచితం |
| ఒహారా కోసన్ | 20వ శతాబ్దం మొదటి సగం, జపాన్ | చాలావరకు | నిలువు బొమ్మ, ఏ3 | ఉచితం |
| చార్లీ హార్పర్ | 1922–2007, అమెరికా | కొంచెం అలవాటైతే | ఏదైనా | కొనాలి |
| లార్ష్ యూన్‌సన్ | 1952లో పుట్టారు, స్వీడన్ | చక్కగా | పుస్తకమే మేలు | కొనాలి |
| శ్రీకాళహస్తి కలంకారీ | ఇప్పటికీ, మన పక్కనే | కుదరదు, అవసరమూ లేదు | గుడ్డ ఎంతుంటే అంత | అసలే కొనొచ్చు |

మన్సూర్, జైనుద్దీన్: ఒకరు కొలువులో, ఒకరు తోటలో

జహంగీర్‌కు వింత జంతువులంటే వల్లమాలిన ఆసక్తి. 1612లో ఆయన అధికారి ముఖర్రబ్ ఖాన్ గోవా నుంచి కొన్ని జంతువుల్ని పట్టుకొచ్చినప్పుడు వాటిలో ఒక టర్కీ కోడి ఉంది. దాని తల, మెడ క్షణానికో రంగు మారుతున్నాయని పాదుషా తన జ్ఞాపకాల్లో అబ్బురంగా రాసుకున్నాడు, బొమ్మ గీయించాడు. మన్సూర్ గీసిన ఆ టర్కీ కోడి ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఆయన గీసిన సైబీరియా కొంగ కలకత్తా ఇండియన్ మ్యూజియంలో ఉంది. ఆ కొంగకు యూరప్ శాస్త్రవేత్తలు పేరు పెట్టింది 1773లో. మన్సూర్ అంతకు నూట యాభై ఏళ్ళ ముందే దాని కాలి చర్మం మీది ముడతలతో సహా చూసి గీసేశాడు. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న డోడో బొమ్మ కూడా ఆయనదే అంటారు. ఆ పక్షి ఇప్పుడు భూమ్మీదే లేదు.

మన్సూర్ పక్షులు దాదాపు అన్నీ పక్కవాటుగా, నవాబు నిలబడినట్టు నిలబడి ఉంటాయి. ఎగరవు, తినవు, కొట్లాడవు. ఆ నిశ్చలం కొందరికి గొప్పగా తోస్తుంది, కొందరికి కాసేపటికి విసుగేస్తుంది. అసలు బొమ్మలు చిన్నవి, చుట్టూ పూల అంచులుంటాయి. రాసుకునే బల్ల పక్కన, దగ్గరగా కూర్చుని చూసే చోట పెట్టుకుంటే అందం. హాల్లో సోఫాకు ఎదురుగా పెడితే అంచు తప్ప పిట్ట కనబడదు.

జైనుద్దీన్ సంగతి వేరు. పాట్నా నుంచి వచ్చిన మనిషి, మొఘల్ పద్ధతిలో చేయి తిరిగినవాడు. కలకత్తా సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎలైజా ఇంపీ భార్య మేరీ ఇంపీ తన తోటలో పక్షుల్ని, జంతువుల్ని పెంచేది. వాటిని గీయడానికి జైనుద్దీన్‌ను, భవానీ దాస్‌ను, రామ్ దాస్‌ను పెట్టుకుంది. ముగ్గురూ కలిసి మూడు వందలకు పైగా బొమ్మలు గీశారు, వాటిలో ఎక్కువ భాగం పక్షులే. కాగితం ఇంగ్లండు నుంచి వచ్చిన వాట్‌మన్ కాగితం, చేయి మాత్రం మొఘల్ చేయి. ఇంపీ కుటుంబం వాటిని ఇంగ్లండు పట్టుకుపోయింది. 1810లో వేలానికి వచ్చి ఎక్కడెక్కడికో చెదిరిపోయాయి.

ఒక బొమ్మను దగ్గరగా చూద్దాం. 1780 నాటిది, ఇప్పుడు అమెరికాలోని మినియాపొలిస్ మ్యూజియంలో ఉంది. రేగు కొమ్మ మీద పాపట గోరింక. అదే కొమ్మ మీద రెండు పట్టుపురుగు జాతి సీతాకోకలు, ఒక గొంగళి పురుగు, ఒక పట్టుకాయ. వెనకాల ఏమీ లేదు, తెల్ల కాగితం. రేగు ఆకు పైవైపు ఒక పచ్చ, కిందివైపు వెలిసిన పచ్చ. గోరింక తల మీది నల్లటి జుట్టు వెంట్రుక వెంట్రుకగా వెనక్కి దువ్వినట్టుంటుంది. ఇదే చేయి గీసిన ఇంకో బొమ్మలో పనస మోడు మీద నల్లతల వంగపండు పిట్ట కూర్చుంటుంది, పక్కన ఒక పురుగు.

నా మొగ్గు ఇటు ఎందుకంటే, ఈ పిట్టా చెట్టూ రెండూ మన పెరట్లోవి. రేగు చెట్టు చంద్రగిరి దారిలో ఎక్కడైనా దొరుకుతుంది, పాపట గోరింక తిరుపతి యూనివర్సిటీ మైదానంలో గడ్డి మీద నడుస్తుంటుంది. బొమ్మ చూసి బయటికి పోతే అదే పిట్ట కనబడటం, ఇంటికొచ్చి మళ్ళీ బొమ్మ చూస్తే కిందటిసారి గమనించని ఈక ఒకటి కనబడటం, ఈ సుఖం విదేశీ పక్షితో రాదు. తెల్లటి వెనకభాగం వల్ల ఏ రంగు గోడకైనా ఒదుగుతుంది. లోటు ఒకటే, కదలిక తక్కువ. పిల్లలు ఒకసారి చూసి వెళ్ళిపోతారు.

ఇలాంటి పని మన దక్షిణాదిలోనూ జరిగింది. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా చేసిన జెర్డాన్ 1843–47 మధ్య మద్రాసులో 50 బొమ్మలతో పక్షుల పుస్తకం అచ్చు వేయించాడు. గీసింది ఇక్కడి కళాకారులే. కడప లంకమల అడవుల్లో 1986లో మళ్ళీ కనబడిన కలివికోడికి ఇంగ్లీషులో ఉన్నది ఈ జెర్డాన్ పేరే. నేలపట్టు, సూళ్ళూరుపేట 2022 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేవి కాబట్టి, ఆ పుస్తకం ఒక రకంగా మన ఊరి పుస్తకం.

ఆడుబాన్: పేరు పెద్దది, గోడ కూడా పెద్దదే కావాలి

పక్షి బొమ్మలనగానే అందరూ మొదట చెప్పే పేరు ఇదే. అమెరికా పక్షుల మీద ఆయన వేసిన పుస్తకంలో 435 బొమ్మలు, ఒక్కో కాగితం దాదాపు 39 అంగుళాల పొడవు, 26 అంగుళాల వెడల్పు. ప్రతి పక్షినీ అసలు సైజులో గీయాలని పట్టుబట్టాడు. అందుకే ఫ్లెమింగో బొమ్మలో పొడవాటి మెడ కిందికి వంగి నీటిని తాకబోతుంటుంది. నిటారుగా నిలబెడితే ఆ కాగితం కూడా చాలదు. మన పులికాట్ ఫ్లెమింగోకు ఇది దగ్గరి చుట్టమే, రంగు మాత్రం ఇంకా ముదురు. దీన్ని గీసినవాడు ఆడుబాన్, రాగి రేకు మీద చెక్కి అచ్చు వేసి చేత్తో రంగులు వేయించింది లండన్‌కు చెందిన రాబర్ట్ హావెల్. ఆ అచ్చు పనితనమే లేకపోతే ఈ పేరు ఇంతగా నిలిచేది కాదని నా ఉద్దేశం.

బొమ్మల్లో నాటకం ఉంటుంది. మాకింగ్ బర్డ్ గూటిలోకి గిలక పాము తల పెడితే నాలుగు పిట్టలు దాని మీద పడుతున్న బొమ్మ ఒకటుంది, పిల్లలు దాని ముందు నిలబడిపోతారు. కానీ ఇవి చాలావరకు కాల్చి చంపిన పక్షుల్ని గళ్ళ పలక మీద తీగలతో నిలబెట్టి గీసినవి. కొన్నిట్లో ఒళ్ళు మరీ మెలితిరిగి ఉండటానికి అదే కారణం. మనిషిగా కూడా ఆయన బానిసల్ని కొని అమ్మినవాడు. ఆ కారణంతోనే అమెరికాలో కొన్ని పక్షి సంఘాలు ఈ మధ్య ఆయన పేరు తీసేశాయి. ఇది మీకు అడ్డో కాదో మీరే తేల్చుకోవాలి.

బొమ్మలన్నీ పెద్ద ఫైళ్ళుగా ఉచితంగా దొరుకుతాయి. నా సలహా మాత్రం, రెండు గదుల అద్దె ఇంట్లో ఏ3కు కుదించి పెట్టుకునేటట్టయితే ఆడుబాన్ జోలికి పోవద్దు. ఆ సైజులో ఆయన బొమ్మ మామూలు పాఠ్యపుస్తకం బొమ్మ అయిపోతుంది. మెట్ల దగ్గర ఎత్తు గోడ ఉన్న ఇల్లు, క్లినిక్కు, బడి వరండా, వీటికైతే ఈయనే.

లియర్: చిలక కావాలంటే

2018 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి రామచిలుక. చిలకల్ని లియర్ గీసినట్టు ఇంకెవరూ గీయలేదు. పని మొదలుపెట్టేసరికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. లండన్ జంతు ప్రదర్శనశాలలో బతికున్న చిలకల ముందు కూర్చుని, కావలివాడు రెక్క విప్పి పట్టుకుంటే కొలతలు తీసుకుంటూ గీశాడు. అచ్చు వేసే రాతి మీద బొమ్మ కూడా తనే వేసుకున్నాడు. ఆ చిలకల పుస్తకంలో 42 బొమ్మలు, అచ్చయింది 175 ప్రతులు, అంతే. ఆ తర్వాత కళ్ళు దెబ్బతిని సన్నటి పని మానుకున్నాడు. పిల్లల పిచ్చి పద్యాలతో పేరు తెచ్చుకున్నది ఈయనే.

ఆ చిలకల్లో ఒక్కోదానికి ఒక్కో గుణం. ఒకటి అనుమానంగా చూస్తుంది, ఒకటి అలిగినట్టుంటుంది. పిట్ట ఒంటికి రంగు నిండుగా ఉండి, కొమ్మ మాత్రం పెన్సిల్ గీతగా వదిలేసిన బొమ్మలున్నాయి. బొమ్మ గీయడం నేర్చుకునేవాళ్ళకు అవే పాఠం, ఏది ముందు పూర్తి చెయ్యాలో తెలుస్తుంది. ఇంట్లో చిలకను వద్దనేవాళ్ళు ఎవరూ ఉండరు కాబట్టి గృహప్రవేశానికి ఇవ్వడానికి కూడా ఇదే సుళువు.

కోసన్: కొంగ చాలు

జపాన్‌కు చెందిన ఒహారా కోసన్ 1945లో చనిపోయాడు. చెక్క అచ్చు బొమ్మలు ఈయనవి. గీసేది ఒకరు, చెక్క చెక్కేది ఒకరు, ఒక్కో రంగుకు ఒక్కో చెక్క మీద కాగితం పరిచి అద్దేది ఇంకొకరు. నిలువుగా, సన్నగా ఉంటాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం చాలావాటిని ఉచితంగా పెట్టింది.

ఈయన దగ్గర ఈకల లెక్క లేదు, వాతావరణం ఉంది. మంచులో తెల్ల కొంగలు: తెల్ల కాగితం మీద తెల్ల పక్షి, వెనకాల బూడిద రంగు ఆకాశం, అంతే. కొంగ ఒంటికి రంగే వేయలేదు, కాగితాన్నే అలా వదిలేసి చుట్టూ ఆకాశాన్ని నింపారు. వానలో తలలు ముడుచుకున్న పిట్టలు చూస్తే మన కార్తీకం ముసురు గుర్తొస్తుంది. చిత్తూరువైపు చెరువు గట్ల మీద, దున్నిన చెరకు తోటల్లో కొంగలు నిలబడే తీరు ఇదే, మంచు ఒక్కటి తక్కువ.

కోసన్ గీసిన కాకులు ఇంకా గొప్పవి. నిగనిగలాడే నలుపు, కొమ్మ మీద బరువుగా కూర్చోవడం, ఒక కన్ను మనవైపు. కానీ మన ఇళ్ళల్లో కాకి అంటే పితృదేవతల పిండం గుర్తొస్తుంది. చంద్రుడి ముందు కూర్చున్న గుడ్లగూబ సంగతి సరేసరి. మీ గదిలో మీరొక్కరే చూసే గోడ ఉంటే కాకిని పెట్టుకోండి, హాలుకు కొంగ. చిన్న ఫ్లాట్‌లో తలుపుకీ కిటికీకీ మధ్య మిగిలే సన్నటి జాగాకు ఇంతకంటే నప్పే బొమ్మ లేదు.

హార్పర్, యూన్‌సన్: పిల్లలకు ఒకరు, నోటుబుక్కు పట్టుకు తిరిగేవాళ్ళకు ఒకరు

హార్పర్ వృత్తలేఖిని, స్కేలు పట్టుకుని పక్షిని గీశాడు. గుండ్రం, త్రికోణం, నాలుగు గీతలు, అంతలోనే అది ఏ పిట్టో తెలిసిపోతుంది. ఎనిమిదేళ్ళ పిల్లకు పెన్సిల్ ఇచ్చి జైనుద్దీన్ గోరింకను చూపిస్తే బెదిరిపోతుంది, హార్పర్ బొమ్మ చూపిస్తే వెంటనే మొదలుపెడుతుంది. పాలపిట్టను, లకుముకిని ఈ పద్ధతిలో గీయించి చూడండి, రంగుల ముక్కలుగా విడదీయడం పిల్లలకు బాగా పడుతుంది. హక్కులు ఇంకా వారసులవే కాబట్టి ప్రింటో, పజిలో కొనుక్కోవాలి. పెద్దవాళ్ళకు మాత్రం కొంతకాలానికి చమత్కారం తరిగిపోవచ్చు.

లార్ష్ యూన్‌సన్ స్వీడన్‌లోని గోట్‌లాండ్ దీవిలో ఉంటారు. టెలిస్కోపు పెట్టుకుని సముద్రపు ఒడ్డున కూర్చుని, పక్షి ముందే నీటిరంగులు వేస్తారు. ఇసుక మీద పడుకున్న బాతు ఒంటిమీద ఎండ ఎటు పడిందో, పొట్ట కింద నీడకు ఏ రంగు వచ్చిందో చూపిస్తారు. నేలపట్టు గట్టు మీద నిలబడి నీళ్ళలో నిలిచే కడప అనే చెట్ల మీది గూడబాతుల్ని గీయాలనుకునేవాళ్ళకు గురువు ఈయనే. గోడకు ప్రింటు వెతకడం కంటే ఆయన పుస్తకం ఒకటి కొనుక్కుని పక్కన పెట్టుకోవడం లాభం.

శ్రీకాళహస్తి కలంకారీ

దీన్ని పై వరుసలో ఎందుకు చేర్చానని అడగొచ్చు. పిట్టను పోల్చుకోవాలంటే ఇది పనికిరాదు. ఇందులో ఉండేవి హంస, నెమలి, చిలక, కొమ్మకు ఎదురెదురుగా కూర్చున్న జంట పిట్టలు. ఏ జాతి అని అడిగితే వేసినవాళ్ళు నవ్వుతారు. కానీ పై ఏడుగురిలో ఎవరి అసలు బొమ్మా మన చేతికి రాదు, అన్నీ అచ్చు నకళ్ళే. తిరుపతి నుంచి గంట ప్రయాణంలో, వేసిన మనిషి ఎదుట కూర్చుని అసలు బొమ్మను కొనుక్కోగలిగేది ఇదొక్కటే. 2005 నుంచి దీనికి భౌగోళిక గుర్తింపు ఉంది, ఈ కళలోనే జొన్నలగడ్డ గురప్ప చెట్టి 2008లో పద్మశ్రీ అందుకున్నారు.

నూలు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. వెదురు పుల్లకు గుడ్డో ఉన్నో చుట్టి దారం కట్టిందే కలం. ఇనుప ముక్కలు బెల్లం నీళ్ళలో నానబెట్టి తీసిన నలుపును ఆ చుట్ట పీల్చుకుంటుంది, వేళ్ళతో నొక్కేకొద్దీ మొనకు దిగుతుంది. నెమలి మెడ గీత గమనించండి: నొక్కిన చోట లావు, వదిలిన చోట సన్నం. అచ్చు గుడ్డలో గీత మొదటినుంచి చివరిదాకా ఒకే మందం. అసలుదాన్ని పట్టడానికి ఇది మొదటి గుర్తు. తిరగేసి చూస్తే రంగు వెనక్కి దిగి ఉండటం రెండోది, కొత్త గుడ్డకు పాలు, కరక్కాయ కలిసిన వాసన మూడోది. చెక్క దిమ్మెలతో అద్దేది పెడన కలంకారీ, అది వేరే పద్ధతి. శ్రీకాళహస్తి ధర చెప్పి దాన్ని అమ్మితే ఒప్పుకోవద్దు.

ప్రింటు, ఫ్రేము

ఏ3 ప్రింటు పదునుగా రావాలంటే ఫైలు దాదాపు 3500 బై 4900 పిక్సెళ్ళు ఉండాలి. దూరం నుంచి చూసేదైతే అందులో సగమున్నా చాలు. ఫ్లెక్సు మీద వేయించవద్దు, మెరుపుతో రంగులన్నీ పాలిపోతాయి. మందపాటి మ్యాట్ కాగితం అడగండి. కోసన్‌కూ జైనుద్దీన్‌కూ తెల్లటి దాని కంటే కొద్దిగా పసుపు తిరిగిన కాగితం మేలు.

తిరుపతిలో ఫ్రేములు కట్టే అంగళ్ళలో ఎక్కువగా కట్టేది స్వామి పటాలే. ఏమీ చెప్పకపోతే అలవాటుగా బంగారు రంగు చెక్కుడు ఫ్రేము బిగించేస్తారు. మన్సూర్‌కు అది కాస్త నప్పుతుంది, కోసన్ కొంగను మాత్రం చంపేస్తుంది. సన్నటి చెక్క ఫ్రేము కావాలనీ, బొమ్మ చుట్టూ రెండంగుళాల మౌంటు, అంటే అట్ట అంచు, పెట్టమనీ ముందే చెప్పండి. మౌంటు ఉంటే కాగితం అద్దానికి తగలదు, నవంబరు వానల్లో చెమ్మకు అంటుకుపోదు. కలంకారీ గుడ్డకు అద్దం అక్కర్లేదు, పైన కిందా కర్ర దూర్చి వేలాడదీస్తే సరిపోతుంది. పడమటి ఎండ పడే గోడకు మాత్రం వద్దు. చెట్ల నుంచి తీసిన ఈ రంగులు మన ఎండకు తొందరగా వెలుస్తాయి, ముందు పోయేది పసుపు.